నేల విడిచిన సాము



మా తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటుంది. తెల్లదొరలు విమానాల కోసం వేశారు. విమానాలూ పోయాయి, దొరలూ పోయారు, రన్‌వే మిగిలింది. తెల్లవారుజామున అయిదున్నరకి అక్కడికి వెళ్తే షుగరు తగ్గించుకోవడానికి నడిచే నాలాంటి వాళ్లు, బండి నేర్చుకునే కుర్రాళ్లు, ఓ చివర తెల్ల బట్టల్లో వరసగా నిలబడి ఒక్క గొంతుతో అరుస్తూ గాలిని గుద్దే పిల్లలు కనిపిస్తారు. ఆ పిల్లల మాస్టారు నాకు నడకలో పరిచయం. ఓ రోజు కాఫీకి పిలిచి తన క్లాసు గది చూపించారు. గోడకి ఒక ఫొటో ఉంది. గుబురు గడ్డం, గుండ్రని కళ్లు, చెవికి పోగు. కింద అగరువత్తి వెలుగుతోంది.

"ఎవరండీ ఈయన?" అన్నాను.

"బోధిధర్ముడండి. మన దక్షిణాది రాజకుమారుడండి. చైనా ఎల్లి షావోలిన్ గుళ్లో సాధువులకి కుంగ్‌ఫూ నేర్పాడండి. ఆళ్లకి కొట్టుకోడం నేర్పింది మనమేనండి, ఆయ్."

2011లో సూర్య సినిమా తెలుగులో 'సెవెన్త్ సెన్స్' పేరుతో వచ్చాక ఈ మాట మన ఊళ్లలో ఇంకా గట్టిపడింది. వినడానికి ఎంత బావుంటుందో చెప్పక్కర్లేదు. కానీ ముప్ఫయ్యేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి, నోరు ఊరుకోదు. "మాస్టారూ, ఈ సంగతి ఎవరు చూశారు, ఎవరు రాశారు?" అని అడిగాను. "అందరూ అంటారు కదండీ" అన్నారాయన.

అందరూ అన్నంత మాత్రాన చాలదని చెప్పిన మహానుభావుడు ఒకాయన సరిగ్గా మన ప్రాంతపు నేల మీదే తిరిగాడని చైనావాళ్ల రాతల్లోనే ఉంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ఏలూరుకి దగ్గర్లో పెదవేగి ఉంది. ఇప్పుడు పామాయిలు తోటలు, జామతోటలు. ఒకప్పుడు అది వేంగి, రాజధాని. క్రీస్తుశకం 639 ప్రాంతంలో హుయాన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు కళింగం, కోసలం మీదుగా ఆంధ్రదేశానికి వచ్చాడు. రాజధాని పేరు పింగ్‌కిలో అని రాసుకున్నాడు. అది మన వేంగి అనే చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. నేల సారవంతం, పంటలు పుష్కలం, ఎండ ఎక్కువ అన్నాడు. భాష మధ్యదేశపు భాషకి వేరుగా ఉంది, లిపి మాత్రం ఇంచుమించు అదే అన్నాడు. మనుషులు ఉద్రేకపరులు, దుడుకువాళ్లు అని కూడా రాశాడు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర నిలబడి చూస్తే పదమూడు వందల ఎనభై ఏళ్ల కిందటి ఆ మాటతో పేచీ పెట్టుకోబుద్ధి కాదు.

ఇరవై పైచిలుకు సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని లెక్క చెప్పి, రాజధానికి నైరుతి దిక్కున ఒంటరి కొండ ఒకటి ఉందనీ, నేను చెప్పిన ఆ మహానుభావుడు దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రాసింది అక్కడేననీ చెప్పాడు. హేతువిద్య అంటే తర్కశాస్త్రం. దిఙ్నాగుడిది అయిదో శతాబ్దం చివర, ఆరో శతాబ్దం మొదలు. అంటే బోధిధర్ముడూ ఆయనా ఇంచుమించు ఒకే కాలపువాళ్లు.

దిఙ్నాగుడి లెక్కలో ప్రమాణాలు రెండే. కంటికి కనిపించింది ప్రత్యక్షం. గుర్తుని బట్టి తేల్చుకున్నది అనుమానం. పెద్దలు చెప్పారు, శాస్త్రంలో ఉంది అనే శబ్దాన్ని ఆయన విడిగా ప్రమాణంగా ఒప్పుకోలేదు. చెప్పినవాడు నమ్మదగినవాడా కాదా అని ముందు మనమే తేల్చుకోవాలి కనుక అదీ అనుమానంలోకే వస్తుందన్నాడు. ఇక అనుమానం నిలబడాలంటే హేతువుకి మూడు లక్షణాలు కావాలి. మనం మాట్లాడుతున్న విషయంలో అది ఉండాలి. అలాంటి ఇతర చోట్ల కనపడాలి. అలాంటివి కాని చోట్ల ఎక్కడా కనపడకూడదు. పొగ ఉంది కాబట్టి నిప్పుంది అంటాం. వంటింట్లో రెండూ ఉంటాయి. కొల్లేటి నీళ్లలో నిప్పు ఉండదు, పొగా ఉండదు. కానీ శీతాకాలం తెల్లారగట్ల కొల్లేటి మీద లేచే మంచుని పొగ అనుకున్నవాడు అక్కడ నిప్పు కూడా ఉందంటాడు. తప్పు నిప్పు దగ్గర జరగలేదు, పొగ దగ్గర జరిగింది.

ఈ కొలబద్దతో గోడమీది ఫొటో కథని కొలుద్దాం.

బోధిధర్ముడి పేరు మొదటిసారి కనపడేది 547లో యాంగ్ షువాన్‌జి అనే ఆయన లువోయాంగ్ నగరపు బౌద్ధాలయాల గురించి రాసిన పుస్తకంలో. అక్కడ ఆయన పారశీక దేశపు భిక్షువు. తన వయసు నూట యాభై అని చెప్పుకుంటాడు. యోంగ్‌నింగ్ ఆలయపు ఎత్తయిన గోపురాన్ని తలెత్తి చూస్తూ ఇంతటి కట్టడం తిరిగిన దేశాల్లో ఎక్కడా లేదని చేతులు జోడించి నిలబడిపోతాడు. ఇంతే. గుద్దు లేదు, తన్ను లేదు. తర్వాత తాన్‌లిన్ అనే శిష్యుడి రాతలో ఆయన దక్షిణ భారత రాజుగారి మూడో కొడుకయ్యాడు. ఊరి పేరు లేదు. కంచి అన్నది తర్వాత చేరిన మాట. ఏడో శతాబ్దంలో దావోషువాన్ భిక్షువుల జీవితాలు రాస్తూ ఈయన గురించి వివరంగా చెప్పాడు. అందులో ధ్యానం ఉంది, శిష్యులున్నారు, కుస్తీ లేదు.

మరి ఈ కుంగ్‌ఫూ కథ ఎక్కడ మొదలయింది? 1624 అని తేదీ వేసుకున్న ఒక పుస్తకంలో. దాని పేరు యీజిన్ జింగ్, కండరాలనూ నరాలనూ మార్చే సూత్రం అని అర్థం. ఒళ్లు గట్టిపరచుకునే కసరత్తుల పుస్తకం. ఇది బోధిధర్ముడు షావోలిన్‌లో వదిలి వెళ్లాడని ముందుమాట చెబుతుంది. ముందుమాట రాసింది టాంగ్ వంశపు సేనాపతి లీ జింగ్ అనీ, 628లో రాశాడనీ అక్కడే ఉంది. ఆ సేనాపతికి పుస్తకం ఎవరిచ్చారట? గుబురుగడ్డం వీరుడు అనే ఆయన. ఆ వీరుడు టాంగ్ కాలపు కథలో ఒక పాత్ర! ఇల్లు అమ్మిన దస్తావేజు మీద సాక్షి సంతకం కన్యాశుల్కం గిరీశం పెట్టినట్టు. పద్దెనిమిదో శతాబ్దపు పండితుడు లింగ్ తింగ్‌కాన్ అప్పుడే దీన్ని చూసి ఇది ఎవరో పల్లెటూరి అరకొర పంతులు పని అని తీసిపారేశాడు. పైగా ఆ పుస్తకం చెప్పేది కసరత్తే. షావోలిన్ ముష్టియుద్ధం మొత్తం బోధిధర్ముడి నుంచే వచ్చిందన్న మాట జనంలో పాకింది ఇంకా తర్వాత, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, లావో త్సాన్ యాత్రలు అనే నవల పత్రికలో ధారావాహికగా వచ్చిన రోజుల్లో. 1930లో తాంగ్ హావో అనే చైనా పరిశోధకుడు, తాను స్వయంగా ఆ విద్య తెలిసినవాడు, కాగితాలన్నీ ముందేసుకుని ఇది కట్టుకథ అని తేల్చేశాడు.

అంటే మనిషికీ కథకీ మధ్య వెయ్యేళ్లు. సామెత చెప్పినట్టు ఇది నేల విడిచిన సాము.

అయితే నేల మీద సాము ఎక్కడ మొదలయింది? బోధిధర్ముడికి చాలా ముందు. యుయె రాజ్యపు రాజు గౌజియాన్ క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దం వాడు. ఆయన అడవిలో పెరిగిన ఒక పిల్లని పిలిపించి కత్తివిద్య రహస్యం అడిగాడని క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రాసిన వు, యుయె రాజ్యాల చరిత్రలో ఉంది. ఆ పిల్ల వచ్చే దారిలో ఒక ముసలాయన ఎదురై, వెదురుబద్దతో ఆమెతో తలపడి, ఓడి, తెల్ల కోతిగా మారి చెట్టెక్కేశాడు. రాజు దగ్గర ఆమె చెప్పింది మాత్రం కోతి కథ కాదు. పైకి నెమ్మదిగా, ఇంటి కోడలిలా కనపడాలి, దిగితే పులిలా దిగాలి, లోపల మనసు కదలకూడదు. ఇవాళ రన్‌వే మీద మాస్టారు పిల్లలకి చెప్పేదీ ఇదే. కోతిని తీసేసినా, ఇలాంటి విద్యని ఇంత వివరంగా ఆలోచించేవాళ్లు ఆనాటికే అక్కడ ఉన్నారని ఆ రాత సాక్ష్యం. బాన్ గు రాసిన హాన్ వంశ చరిత్ర కూడా దాదాపు ఆ కాలానిదే. అందులో గ్రంథాల జాబితా ఉంది. సైనిక నేర్పుల కింద షౌబో, అంటే చేతిపోరు, ఆరు అధ్యాయాలు అని నమోదయింది. పుస్తకం పోయింది, పేరు మిగిలింది. జాబితాలో పేరు మిగలడం కూడా ప్రమాణమే.

కుంగ్‌ఫూ అన్న మాటకి కొట్లాట అని అర్థం కాదు. కష్టపడి, కాలం వెచ్చించి సంపాదించుకున్న నేర్పు అని. వంటవాడి చేతికీ, అక్షరాలు దిద్దేవాడి కుంచెకీ కూడా ఆ మాట వాడతారు. మన సాము కూడా అంతే. కర్రసాము, కత్తిసాము, బరువులెత్తడం, గరిడీలో దండేలు తీయడం అన్నీ సామే. ఆ మాటలో కొట్టడం కన్నా కష్టపడటమే ఎక్కువ. పోనీ కరాటే చూడండి, మొదట్లో 'కర' అన్నదాన్ని చైనాను సూచించే అక్షరంతో రాసేవారు. 1930లలో జపానులో దాన్ని ఖాళీ అనే అర్థమిచ్చే అక్షరంగా మార్చుకున్నారు. ఎవరి విద్యకి వాళ్లు సొంత ఇంటిపేరు పెట్టుకోవడం మనకే చెల్లలేదు.

ఇక షావోలిన్. హెనాన్ రాష్ట్రంలో సోంగ్‌షాన్ కొండల్లో 495 ప్రాంతంలో ఉత్తర వేయ్ వంశపు చక్రవర్తి షియావోవెన్ ఈ ఆలయం కట్టించాడు. కట్టించింది భారతదేశం నుంచి వచ్చిన ఒక భిక్షువు కోసమే. పేరు బాతువో. మాస్టారి ఫొటోలో ఉండాల్సింది ఆయనేమో! ఆయనా యుద్ధం నేర్పినట్టు ఎక్కడా లేదు.

సుయి వంశం కుప్పకూలుతున్న రోజుల్లో, 610 తర్వాత, దొంగలు ఆలయం మీద పడ్డారు. భిక్షువులు ఎదురు తిరిగారు. దొంగలు నిప్పు పెట్టిపోయారు. 621లో పెద్ద గొడవ వచ్చింది. లువోయాంగ్‌లో వాంగ్ షిచోంగ్ తానే చక్రవర్తినన్నాడు. టాంగ్ వంశం తరఫున లీ షిమిన్ అనే యువరాజు అతని మీదకి వచ్చాడు. వాంగ్ మనుషులు కోట పెట్టుకున్న చోటు సైప్రస్ చెట్ల లోయ, షావోలిన్ వాళ్ల మాన్యం! వాంగ్ తన సోదరుడి కొడుకు వాంగ్ రెన్‌జెని కాపలా పెట్టాడు. భిక్షువులు లోపల దూరి ఆ రెన్‌జెని పట్టుకుని టాంగ్ సేనకి అప్పజెప్పారు. పదమూడు మంది భిక్షువుల పేర్లు రాయి మీద ఉన్నాయి. తాన్‌జోంగ్ అనే ఆయనకి మహాసేనాని బిరుదు ఇచ్చారు. ఆలయానికి నలభై చింగ్‌ల భూమి, అంటే 500 ఎకరాల పైచిలుకు, ఒక నీటి మర కూడా ఇచ్చారు. లీ షిమిన్ స్వహస్తంతో సంతకం చేసిన ఉత్తరంతో సహా ఇదంతా 728లో చెక్కిన శిలాఫలకంలో ఉంది. అది ఈనాటికీ ఆలయంలో నిలబడి ఉంది. వాళ్లు ఏ ఆయుధంతో పోరాడారో, ఏ భంగిమలు వేశారో అందులో ఒక్క అక్షరం లేదు. భూమి లెక్క మాత్రం వివరంగా ఉంది. గోదావరి జిల్లాల్లో గట్టు తగువులు చూసినవాళ్లకి దీని భావం విడమర్చనక్కర్లేదు. షావోలిన్ వీరత్వపు మొదటి గట్టి కాగితం పొలం కాగితం.

ఆ రోజుల్లో ఇక్కడ ఏం జరుగుతోంది? చాళుక్య రెండో పులకేశి వేంగి మీద పడ్డాడు. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి కుణాల సరస్సు దగ్గర యుద్ధం చెబుతూ, చచ్చిన మనుషుల నెత్తురుతో నీళ్లు రంగు మారాయన్నాడు. కుణాలం అంటే మన కొల్లేరు. 624లో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో సొంత వంశం మొదలుపెట్టాడు. హుయాన్‌త్సాంగ్ ఇక్కడ అడుగుపెట్టేసరికి ఆ నెత్తురు ఇంకి పాతికేళ్లు కూడా దాటి ఉండకపోవచ్చు. యుద్ధం గురించి ఆయన రాయలేనివాడా అంటే, మహారాష్ట్రంలో పులకేశి వీరులు తాగి మరీ రంగంలోకి దిగడం, ఏనుగులకి కూడా తాగించడం, ఓడొచ్చిన సేనాపతికి శిక్ష వెయ్యకుండా ఆడవాళ్ల బట్టలు పంపడం పూసగుచ్చినట్టు రాశాడు. అంత కన్ను ఉన్న మనిషి ఆంధ్రలో భిక్షువుల దగ్గర చూసింది మాత్రం పుస్తకాలు. ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర నెలల తరబడి కూర్చుని మహాసాంఘిక శాఖ వాళ్ల అభిధర్మ శాస్త్రం నేర్చుకున్నాడు, వాళ్లకి తను మహాయాన శాస్త్రాలు చెప్పాడు.

ఇక్కడ కథ గమ్మత్తుగా మలుపు తిరుగుతుంది. 645లో హుయాన్‌త్సాంగ్ గుర్రాల మీద గ్రంథాలు వేసుకుని చైనా చేరాడు. చక్రవర్తి దర్శనమయింది. అనువాదాలు చేసుకోవడానికి చోటు ఇప్పించమని అడిగాడు. అడిగింది ఏ చోటు? షావోలిన్! జనానికి దూరంగా ప్రశాంతంగా ఉంటుంది, పూర్వం బోధిరుచి అనే భిక్షువు అక్కడే సూత్రాలు అనువదించాడు అన్నాడు. కుదరదు, రాజధానిలోనే ఉండమన్నాడు చక్రవర్తి. ఆ చక్రవర్తి ఎవరో తెలుసా? తైజోంగ్, అంటే ఆ లీ షిమినే. ఇరవై నాలుగేళ్ల కిందట షావోలిన్ భిక్షువుల సాయం తీసుకున్న యువరాజే. 657లో తర్వాతి చక్రవర్తిని హుయాన్‌త్సాంగ్ మళ్లీ అడిగాడు, మళ్లీ కాదన్నారు. ఆయన పుట్టిన ఊరు కూడా ఆ కొండలకి దగ్గరే. పాపం, వేంగి దాకా వచ్చి వెళ్లగలిగాడు గానీ ఇంటి పక్కనున్న షావోలిన్‌లో కుదురుకోలేకపోయాడు. నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. షావోలిన్ అనగానే ఆ పండితుడికి గుర్తొచ్చినవి నిశ్శబ్దం, అనువాదం. యుద్ధవిద్య కాదు.

తర్వాత ఎనిమిది వందల ఏళ్ల ఊసు చాలా తక్కువ. మింగ్ కాలంలో షావోలిన్ మళ్లీ మెరుస్తుంది, అదీ పిడికిలితో కాదు, కర్రతో. ఆలయంలో 1517లో వేసిన శిలాఫలకం ఒక కథ చెబుతుంది. మంగోలు పాలన చివర్లో ఎర్ర తలపాగాల తిరుగుబాటుదార్లు మీదపడితే వంటశాలలో పనిచేసే ఒక మామూలు మనిషి పొయ్యిలో కట్టెలు ఎగదోసే కర్ర పట్టుకుని బయటికొచ్చి కొండంత ఎత్తు పెరిగి వాళ్లని తరిమాడు. ఆయన్ని కిన్నర రాజంటారు, కర్రసాముకి దేవుడని కొలుస్తారు. కిన్నరుడు మన పురాణాల్లోంచి వెళ్లినవాడే. మన నుంచి షావోలిన్ కర్రకి దక్కింది ఏదైనా ఉంటే ఆ దేవుడు. వంటింటి కర్రే ఆయుధం కావడం నాకు భలే నచ్చింది. మన పల్లెల్లో కర్రసాము కూడా గొడ్లు తోలే కర్రలోంచే పుట్టిందేమో!

1553లో జపాను ఓడదొంగలు తూర్పు తీరం మీద పడితే షావోలిన్ భిక్షువులు ఇనప కర్రలతో పోరాడారు. 1560 ప్రాంతంలో సేనాపతి యు దాయౌ ఆలయానికి వెళ్లి వాళ్ల కర్రసాము చూసి పెదవి విరిచాడు, పాత రహస్యాలు పోగొట్టుకున్నారన్నాడు. ఇద్దరు కుర్ర భిక్షువుల్ని వెంట తీసుకెళ్లి మూడేళ్లు పైగా నేర్పి పంపాడు. అంటే షావోలిన్ ప్రపంచానికి నేర్పిందని మనం అనుకుంటాం, ఒక దశలో షావోలిన్ బయటివాళ్ల దగ్గర నేర్చుకుంది. తర్వాత చెంగ్ జోంగ్‌యౌ అక్కడ పదేళ్ల పైగా ఉండి కర్రసాము మీద పుస్తకం రాశాడు. భిక్షువులు ఈమధ్య పిడికిలి విద్య ఎందుకు పట్టుకున్నారు అన్న ప్రశ్న వేసుకుని, అది దేశంలో ఇంకా పెద్దగా పైకి రాలేదు గనక దాన్నీ కర్ర అంత ఎత్తుకి తీసుకెళ్లాలని అంటూ జవాబిచ్చాడు. పదిహేడో శతాబ్దం మొదట్లో మాట ఇది. సినిమాల్లో చూసే షావోలిన్ ముష్టియుద్ధం అప్పటికి పసిపిల్ల.

ఇదంతా విని మాస్టారు ఊరుకోలేదు. "మరి మన కళరి యుద్ధవిద్య భంగిమలూ ఆళ్ల భంగిమలూ ఒక్కలాగే ఉంటాయి కదండీ?" అన్నారు. మంచి ప్రశ్న. దిఙ్నాగుడి మూడో లక్షణం ఇక్కడే పనికొస్తుంది. పోలిక ఉంది కాబట్టి ఇక్కడి నుంచే వెళ్లింది అనాలంటే, ఇక్కడి నుంచి వెళ్లని చోట ఆ పోలిక ఉండకూడదు. ఈజిప్టులో బెని హసన్ గుహ సమాధుల గోడల మీద దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట వరసలు వరసలుగా మల్లుల పట్లు గీశారు. గ్రీకులు ఒలింపిక్స్‌లో గుద్దులూ తన్నులూ కలిపిన పోటీ పెట్టారు. మనిషికి ఎక్కడైనా రెండు చేతులు, రెండు కాళ్లు, మోకాలు వంగేది ఒక్క వైపుకే. ఈ హేతువుని తార్కికులు అనైకాంతికం అంటారు, ఎటూ తేల్చనిది.

ఇక్కడి నుంచి వెళ్లిందేమిటో కూడా మాస్టారికి చెప్పాను. హుయాన్‌త్సాంగ్ 647లో శంకరస్వామి అనే తార్కికుడి న్యాయప్రవేశాన్నీ, 649లో దిఙ్నాగుడి న్యాయముఖాన్నీ చైనా భాషలోకి మార్చాడు. చైనాలో హేతువిద్య పేరు యిన్‌మింగ్. ఆయన జపాను శిష్యుడు దోషో స్వదేశం తిరిగి వెళ్లాడు. అక్కడ ఇన్‌మ్యో పేరుతో నారా నగరపు ఆలయాల్లో శతాబ్దాల పాటు భిక్షువులు వాదాలు చేశారు. పక్షం, హేతువు, దృష్టాంతం అంటూ ఒకరినొకరు మాటలతో పడగొట్టుకున్నారు. అది కూడా సామే. దీనికి తేదీలున్నాయి, అనువాదాలున్నాయి, అనువదించినవాడు మన వేంగి చూసి వెళ్లాడు.

మాస్టారు కాసేపు ఫొటో వంక చూశారు. "అయితే తీసెయ్యమంటారా అండి?"

"ఎందుకండీ తియ్యడం? ధ్యానం చేసుకునే పెద్దమనిషి, ఆయన తప్పేముంది ఇందులో. పక్కన ఇంకొకరికి చోటుందా?"

వారం తర్వాత ఒక బొమ్మ ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. వీపు మీద వెదురు చట్రం నిండా చుట్టిన గ్రంథాలు, తల ముందుకి వేలాడే చిన్న దీపం, నడుస్తున్న భిక్షువు. మాస్టారు తేరిపార చూసి, "ఈయన ఎవర్ని కొట్టాడండీ?" అన్నారు. ఎవర్నీ కొట్టలేదన్నాను. "పిల్లలకి ఏం చెప్పనండి మరి?" అన్నారు. పెదవేగి నుంచి మొదలుపెట్టమన్నాను.

మొన్న వెళ్తే గోడకి రెండు ఫొటోలు ఉన్నాయి. అగరువత్తి మాత్రం ఒక్కటే. రెండిటికీ సరిగ్గా మధ్యలో గుచ్చుతున్నారు.